వీలు చూసుకుని

ఊళ్ళో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతా అందరికీ సుత్తమ్మే. భుజాన గుడ్డసంచి, అందులో ఒక చెక్క సుత్తి, సన్నటి ఇనుప ఊచ, బైనాక్యులర్స్, టేపు, నోటుపుస్తకం. చెట్టు మొదట్లో చేరి సుత్తితో టకటకా కొట్టి, చెవి ఆనించి వింటుంది. చెక్క గట్టిగా ఉంటే ఒక చప్పుడు, లోపల డొల్లగా ఉంటే ఇంకో చప్పుడు. ఆ పేరు రావడానికి సంచిలోని సుత్తి ఒక్కటే కారణం కాదని చెప్పేవాళ్ళూ ఉన్నారు. చెట్టు గురించి పొరపాటున ఒక ముక్క అడిగితే చాలు, వేరు దగ్గర మొదలుపెట్టి చిటారుకొమ్మ దాకా చెప్పి గాని వదలదు. బస్సు వచ్చి వెళ్ళిపోయినా సరే.

బడులవాళ్ళు, ఆసుపత్రులవాళ్ళు, గోదాములవాళ్ళు, ఆవరణలో పెద్ద చెట్టున్న ఇళ్ళవాళ్ళు ఆవిడను పిలిపించేవారు. తమ స్థలంలోని చెట్టు విరిగి ఎవరి నెత్తిన పడినా జవాబు చెప్పాల్సింది తామే కదా. సుత్తమ్మ వెళ్ళగానే ముందు పైకి చూసేది కాదు. కిందికి చూసేది. ఈ చెట్టు కింద ఎవరుంటారు, ఎంతసేపు ఉంటారు అని అడిగేది. నడి పొలంలో పుచ్చిపోయిన చెట్టు వల్ల ఎవరికీ ముప్పు లేదు, హాయిగా గుడ్లగూబలు కాపురం చేసుకుంటాయి. అదే చెట్టు బడి గేటు పక్కనుంటే సంగతి వేరు. అన్నీ చూసుకుని ఏ కొమ్మ తియ్యాలో, దేన్ని వదిలెయ్యాలో, ఎప్పటిలోగా చెయ్యాలో రాసి ఇచ్చేది. పాతికేళ్ళుగా అదే పని.

ఆవిడ చేతిరాతను ఆవిడ అక్క తప్ప ఎవరూ చదవలేరు. అందుకని నివేదికలన్నీ అక్కే టైపు చేసేది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ముందుగది ఆఫీసు, వెనకగది కాపురం. "చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళను చూశాం గాని, కాగితాలమ్ముకునేదాన్ని నిన్నే చూశానే" అని అక్క వేళాకోళం చేసేది. చేస్తూనే, ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టేది.

ఒక వానాకాలం చివర టీచరుగారి దగ్గర్నుంచి కబురొచ్చింది.

టీచరుగారంటే సుత్తమ్మకు బడిలో వృక్షశాస్త్రం చెప్పినావిడ. బడిలో రిటైరయ్యాక కూడా ఆదివారాలు ఇంటి ఆవరణలో నిద్రగన్నేరు చెట్టు కింద చాప పరిచి, వచ్చిన పిల్లలందరికీ ఊరికే చదువు చెప్పేది. సుత్తమ్మ కూడా ఆ చాప మీద కూర్చున్నదే. ఆకు ఎందుకు ముడుచుకుంటుందో, కొమ్మ ఎటు ఎందుకు వంగుతుందో మొదటిసారి విన్నది అక్కడే. టీచరుగారికి ఇప్పుడు డెబ్భై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు.

"ఏమే, ఆ సంచేమిటి? ఇంకా బడికే వెళ్తున్నావా?" అంది టీచరుగారు గేటు తీస్తూ.

"ఫెయిలయ్యానండీ, మళ్ళీ కడుతున్నా" అంది సుత్తమ్మ.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత సుత్తమ్మ పనిలో పడింది.

చెట్టు ప్రహరీని ఆనుకుని ఉంది. ఒక పెద్ద కొమ్మ, మనిషి నడుమంత లావుది, గోడ దాటి వీధి మీదికి చాచుకుని ఉంది. సరిగ్గా దాని కిందే బస్సు ఆగేచోటు. అక్కడ రేకుల షెడ్డు ఉంది గాని రేకు కాలిపోతుంటే దాని కింద ఎవరు నిలబడతారు? జనమంతా కొమ్మనీడలోనే. సుత్తమ్మ గంటసేపు గోడవారన నిలబడి లెక్క పెట్టింది. ముప్ఫై ఒక్కమంది.

నిచ్చెన వేసుకుని కొమ్మ పుట్టినచోటికి ఎక్కింది. కాండానికీ కొమ్మకూ మధ్య చంకలో బెరడు లోపలికి ఇరుక్కుపోయి ఉంది. అంటే ఆ రెండూ పైకి ఒకటిగా కనిపిస్తున్నాయి గాని లోపల కలవలేదు. పక్కనే సన్నటి చీలిక, చీలిక కింద నీరు కారిన నల్లటి చార. చారకు అడుగున గోధుమరంగులో బిళ్ళలాంటి చెక్కపుట్టగొడుగు. ఊచ పెట్టి నొక్కితే జానెడు లోపలికి దిగిపోయింది.

కిందికి దిగి నోటుపుస్తకంలో రాసుకుంది. 'వీధివైపు కొమ్మ వెంటనే తీసెయ్యాలి. తీసేదాకా కింద ఎవరూ నిలబడకుండా తాడు కట్టాలి.'

టీచరుగారు భుజం మీంచి చదివేసింది. పేపర్లు దిద్దిన కళ్ళు, ఎవరి చేతిరాతయినా ఇట్టే పట్టేస్తాయి.

"అది పోతే చెట్టుకి ఇంకేం మిగుల్తుందే?"

"సగం పోతుందండీ. మిగతా సగం కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను."

టీచరుగారు చెట్టువైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది, "పిల్లలకి వేసవిలో పరీక్షలు. ఈసారి పదిహేనుమంది వస్తున్నారు. ఈ నీడ పోతే ఇంట్లో ఇరుకుగదిలో కూర్చోబెట్టాలి, సగంమంది మానేస్తారు. నువ్వు వెంటనే అని రాస్తే ఆ కాగితం నకలు మునిసిపాలిటీకి పోతుంది కదా. రేపు పొద్దున్నే రంపాలతో దిగుతారు. ఒక్క వేసవి దాటనియ్యవే. ఆ తర్వాత నేనే పిలిచి తీయించేస్తా. నిలబడేవుంది కదా ఇన్నేళ్ళూ."

"టీచరుగారూ, దాని కింద జనం..."

"తెలుసే. ఒక్క వేసవి."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టీచరుగారి కళ్ళలో నీళ్ళు చూడటం సుత్తమ్మకు అదే మొదలు. ఒకప్పుడు క్లాసంతా వణికిన కళ్ళవి. సుత్తమ్మ పెన్ను తీసి 'వెంటనే' మీద ఒక గీత గీసింది. పైన చిన్న అక్షరాలతో 'వీలు చూసుకుని' అని రాసింది. వీలు చూసుకుని చేసే పనికి తాడెందుకు? ఆ వాక్యం కూడా కొట్టేసింది.

ఆ సాయంత్రం అక్క టైపు చేస్తూ ఆగిపోయింది.

"'వీలు చూసుకుని' ఏమిటే? ఇదేమన్నా ఇంటికి సున్నం వేయించుకోవడమా?"

"కొట్టు అక్కా."

"కర్ర విరగకుండా పాము చావకుండా రాయడం నీకెప్పుడలవాటయ్యింది?"

"టీచరుగారి చెట్టు అది."

అక్క మళ్ళీ టైపుమిషనువైపు తిరిగింది. కొట్టింది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆ మధ్యలో సుత్తమ్మ రెండుసార్లు ఆ వీధిలోంచి బస్సులో వెళ్ళింది. మొదటిసారి కొమ్మనిండా కొత్త ఆకు పచ్చగా కనిపించింది. బాగానే ఉందిలే అనుకుంది. ఆకును చూసి చెక్క సంగతి చెప్పలేమని పాతికేళ్ళుగా ఊరందరికీ చెప్పినావిడ అలా అనుకుంది. రెండోసారి బస్సు ఆ మలుపు తిరుగుతుండగా సంచిలో ఏదో వెతుక్కుంటూ తల వంచుకుంది. బస్సు ముందుకు కదిలాక గాని తలెత్తలేదు.

కొమ్మ పడింది ఒక ఎండ మధ్యాహ్నం. గాలి లేదు. ఆకు కదలని ఎండ. నీడలో ముగ్గురు నిలబడి ఉన్నారు. బస్సు వస్తోందేమో చూద్దామని ఇద్దరు రోడ్డు మీదికి నాలుగడుగులు వేశారు. మూడో మనిషి ముప్ఫై నాలుగేళ్ళ ఆడమనిషి, బట్టల దుకాణంలో కుట్టుపని చేసేది. ఎండ అంటే పడదని నీడలోనే ఉండిపోయింది. తుపాకీ పేలినట్టు చప్పుడైందని ఆ ఇద్దరూ చెప్పారు. ఆసుపత్రికి చేరకముందే ఆమె ప్రాణం పోయింది.

సుత్తమ్మకు ఫోను చేసింది టీచరుగారే. "ఆ కొమ్మ పడిందే" అంది. అంతే. ఫోను పెట్టెయ్యలేదు. అవతల వీధిలో అరుపులు వినపడుతున్నాయి. ఇవతల సుత్తమ్మ ఫోను చెవికి ఆనించుకుని వింటూ ఉండిపోయింది.

పదిహేను రోజుల తర్వాత మునిసిపాలిటీ ఆఫీసులో విచారణ. పొడుగు బల్ల, గోడకు బూజు పట్టిన దస్త్రాల అలమర. విచారణాధికారి కళ్ళద్దాలు సర్దుకుని సుత్తమ్మ నివేదిక పైకి చదివాడు. "'వీధివైపు కొమ్మను వీలు చూసుకుని తీయించవలెను.' చక్కగా రాశారు. మీ పని మీరు చేశారు." టీచరుగారివైపు తిరిగాడు. "ఏమండీ, ఎనిమిది నెలల్లో వీలు దొరకలేదా?"

"దొరకలేదు" అంది టీచరుగారు.

"నిర్లక్ష్యం అనుకోవచ్చా?"

"అనుకోండి."

టీచరుగారు సుత్తమ్మవైపు ఒక్కసారి కూడా చూడలేదు. సుత్తమ్మకు మాట రాలేదంటే అబద్ధం. గొంతు దాకా వచ్చింది. మింగేసింది. అధికారి తుది విచారణకు ఇంకో రెండు నెలలు గడువు పెట్టి దస్త్రం మూసేశాడు.

"కాగితం మీద నువ్వు క్షేమం" అంది అక్క ఇంటికొచ్చాక. "ఆవిడే ఒప్పుకుంది కదా. గాలికి పోయే కంప ఒంటికి తగిలించుకోకు."

సుత్తమ్మ ఊఁ అంది. అప్పట్నుంచి అన్నం సహించలేదు. పనికి వెళ్తే ప్రతి చెట్టుకీ 'కొట్టెయ్యాలి' అని రాయబుద్ధయ్యేది. ఒక బడిలో నిక్షేపంలాంటి చింతచెట్టు కింద నిలబడి, ఏం రాయాలో తేల్చుకోలేక, ఒంట్లో బాలేదని చెప్పి వచ్చేసింది. తర్వాత పిలుపులు ఒప్పుకోవడం మానేసింది.

ఒకరోజు పొద్దున్న ఒకాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ లేని చొక్కా, ఒక గుండీ ఊడిపోయి ఉంది.

"నేను గడియారాలు బాగుచేస్తానమ్మా. బస్టాపు దగ్గర పోయింది మా ఆవిడ" అన్నాడు.

సుత్తమ్మ లేచి నిలబడింది. కుర్చీ చూపించింది. ఆయన కూర్చున్నాడు గాని అంచున, ఇప్పుడో ఇంకాసేపటికో లేచిపోయేవాడిలా.

"గొడవకి రాలేదు. ఒక్కటి అడగాలని వచ్చాను. ఆ రోజు గాలి లేదు. వాన లేదు. ఎవరూ ఎక్కలేదు, ఎవరూ నరకలేదు. మరి అంత కొమ్మ దానంతటది ఎందుకు పడుతుంది? ఎవర్నడిగినా రాత అంటున్నారు. గడియారం ఆగితే రాత అని నేను చెప్పనమ్మా. ఏదో ఒకటి అరిగుంటుంది."

సుత్తమ్మ చెప్పింది. ఎండకాలంలో ఒక్కోసారి నిశ్చలంగా ఉన్నప్పుడే పెద్ద కొమ్మలు తెగిపడతాయనీ, ఎందుకో పూర్తిగా ఎవరికీ తెలియదనీ, అయితే ఈ కొమ్మకు ముందే చంకలో పట్టు లేదనీ, పుట్టగొడుగు లోపలి చెక్కను తినేసిందనీ చెప్పింది. మామూలుగా గంటసేపు చెప్పే మనిషి నాలుగు మాటల్లో ముగించింది.

"అయితే ముందే తెలుసుకోవచ్చా?"

గుమ్మంలో అక్క నిలబడి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. సుత్తమ్మ అటు చూసి, మళ్ళీ ఆయనవైపు చూసింది.

"నాకు తెలుసు" అంది. "ఎనిమిది నెలల ముందే తెలుసు."

సొరుగు లాగి నోటుపుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన జేబులోంచి కంటికి పెట్టుకునే భూతద్దం తీశాడు. అలవాటు చొప్పున తీసినట్టున్నాడు. మళ్ళీ జేబులో పెట్టేసుకుని, కాగితం దగ్గరగా లాక్కుని కూడబలుక్కుంటూ చదివాడు.

"ఈ గీత ఎవరు గీశారు?"

"నేనే."

"ఎవరైనా గీయమన్నారా?"

"ఎవరన్నా కూడా, పెన్ను నా చేతిలో ఉంది."

ఆయన చాలాసేపు ఆ పేజీ మీదే చెయ్యి వేసి ఉంచాడు. తిడతాడనుకుంది సుత్తమ్మ. కొట్టినా బాగుండుననుకుంది.

"మా అత్తగారు మాతోనే ఉంటుంది" అన్నాడు చివరికి. "ఆ రోజు మోకాళ్ళు పట్టేశాయని, ఆసుపత్రికి తీసుకెళ్ళమని మా ఆవిడకి ఫోన్ చేసింది. ఒంటిగంట బస్సుకి వచ్చెయ్యమంది. మా ఆవిడ ఎప్పుడూ సాయంత్రం బస్సే ఎక్కేది. ఆ రోజొక్కటే... అప్పట్నుంచి ఆవిడ ఏడవలేదమ్మా. నేను పిలిచాను, నేను పిలిచాను అంటుంది. అదొక్కటే మాట. ఎవరేం చెప్పినా ఎక్కదు. మీరొచ్చి చెప్పాలి, ఆవిడ తప్పు కాదని."

"వస్తాను. ఇప్పుడే వస్తాను."

"ఇప్పుడొద్దు." ఆయన లేచాడు. "ముందు ఆఫీసులో చెప్పండి. అక్కడ దాచిపెట్టి మా ఇంటికొచ్చి చెప్పొద్దు."

ఆయన వెళ్ళాక అక్క తలుపు దగ్గరే కూలబడింది. "కొరివితో తల గోక్కున్నావే" అంది. అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు నేను కొట్టకుండా ఉండాల్సింది. నా వేళ్ళతోనే కొట్టాను."

మర్నాడు సుత్తమ్మ టీచరుగారింటికి వెళ్ళింది. చెట్టుకు వీధివైపు పెద్ద గాయం, లోపలి పుచ్చు బయటపడి తేనెరంగులో పొడి రాలుతోంది. బస్టాపును అవతలి మలుపుకు మార్చేశారు. ఆదివారపు పిల్లలు రావడం మానేశారు. టీచరుగారు లోపలిగదిలో కిటికీ మూసుకుని కూర్చుని ఉంది. అంత మనిషి గుప్పెడయిపోయింది.

"నేను ఆఫీసులో చెప్పేస్తానండీ. నోటుపుస్తకం ఇచ్చేస్తాను."

"ఎందుకే? నేను ఒప్పుకున్నాను కదా. నాకింకెన్నాళ్ళు? నీకు పని ఉంది, బతుకు ఉంది."

"మీరడిగితే నేను మార్చాను. అది చెప్పకుండా..."

టీచరుగారు చెయ్యెత్తి ఆపింది. క్లాసులో ఆపినట్టే.

"ముప్ఫై ఏడేళ్ళు పేపర్లు దిద్దాను. ఎంతమంది వచ్చి ఏడ్చారో తెలుసా, ఒక్క మార్కు వెయ్యండి టీచరుగారూ అని? తల్లులు వచ్చారు. కాళ్ళ మీద పడ్డారు. ఒక్కరికి వెయ్యలేదు. రాయని జవాబుకి మార్కు వేస్తే వాడు రేపు ఎక్కడ కూలతాడో అని." ఆవిడ మూసిన కిటికీవైపు తిరిగింది. "అలాంటిదాన్ని, నీ దగ్గర అడుక్కున్నాను. నువ్వు వేసేశావే."

సుత్తమ్మ ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. టీచరుగారు తల మీద చెయ్యి వెయ్యబోయి, మధ్యలోనే ఆగి, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుంది.

"వెంటనే అని రాసినా నేను తీయించేదాన్ని కాదేమో" అంది కాసేపాగి. "ఏమో. అదీ చెప్పలేను. ఆ అమ్మాయి వచ్చి ఇక్కడ నీడ బాగుందని నిలబడింది. ఎంత నమ్మకంగా నిలబడిందో."

తుది విచారణ రోజున సుత్తమ్మ నోటుపుస్తకం బల్ల మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. అధికారికి చిరాకొచ్చింది. సాఫీగా ముగిసిపోయే దస్త్రం మళ్ళీ తెరవాల్సి వచ్చింది. "ఇంతకుముందు ఎందుకు చెప్పలేదు?" అని గద్దించాడు. "భయపడ్డాను" అంది. వెనకవరసలో గడియారాలాయన గోడకు ఆనుకుని కూర్చుని అంతా విన్నాడు. తీర్పు ఇద్దరి మీదా వచ్చింది. టీచరుగారిది స్థలం యజమానిగా తప్పు. సుత్తమ్మది తెలిసీ తేలిక చేసి రాసిన తప్పు, రెండేళ్ళపాటు లైసెన్సు రద్దు. చెట్టును మొదలంటా తీసెయ్యాలని కూడా ఉత్తర్వు వేశారు. దాన్ని తీసిన రోజున టీచరుగారు ఇంట్లో లేదు. తోబుట్టువు కూతురు వచ్చి తీసుకెళ్ళింది. ఆ ఇంటికి మళ్ళీ తిరిగి రాలేదు.

విచారణ ముగిసిన రోజున ఆఫీసు మెట్ల దగ్గర గడియారాలాయన సుత్తమ్మ కోసం కాచుకుని ఉన్నాడు. "ఇప్పుడు రండి" అన్నాడు.

దుకాణం వెనకే ఇల్లు. దుకాణంలో గోడనిండా గడియారాలు, అన్నీ తలా ఒక వేళ చూపిస్తున్నాయి. లోపలిగదిలో కుట్టుమిషను, దాని మీద దుప్పటి కప్పి ఉంది. మంచం మీద ముసలమ్మ కూర్చుని ఉంది. కాళ్ళు నేల మీద ఆనించి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరో రావాల్సి ఉన్నట్టు.

"అత్తయ్యా, ఈవిడ చెట్లు చూసేవిడ. నీకు ఒక మాట చెప్పాలంట" అన్నాడు అల్లుడు.

సుత్తమ్మ నేల మీద కూర్చుంది. చెప్పింది. కొమ్మ పడుతుందని తనకు ముందే తెలుసని, వెంటనే తీసెయ్యమని రాసిన మాటను తానే కొట్టేసిందని, తాడు కట్టమని రాసింది కూడా తీసేసిందని, తాడు ఉండి ఉంటే ఆ రోజు ఆ నీడలో ఎవరూ నిలబడేవారు కాదని. "మీరు పిలవడం వల్ల కాదమ్మా. నా వల్ల."

ముసలమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది.

"నేను పిలవకపోతే అది ఆ వేళకి అక్కడుండేదా?"

సుత్తమ్మ నోరు తెరిచింది. ఉండేది కాదు. ఆ నీడలో ఇంకెవరో ఉండేవారు, లేకపోతే ఖాళీ నేల మీద పడేది. అబద్ధమాడటానికి ఎంతో తేలికైన చోటు అది. అల్లుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఉండేది కాదమ్మా" అంది సుత్తమ్మ.

"మరి?" అంది ముసలమ్మ. "మరి ఏం చెప్పడానికొచ్చావే నువ్వు?"

అక్కణ్ణుంచి మొదలైంది. నీ చేతులు పడిపోను అంది. నా కడుపు మీద కొట్టావు కదే అంది. "ఒక్క తాడే! ఒక్క మూరెడు తాడు కట్టడానికి నీకేం రోగమొచ్చిందే? పసిపిల్లలు కట్టుకుంటారే బొమ్మలాటకి! చదువుకున్నదానివే, తెలిసినదానివే!" గొంతు పెరిగింది. పక్కింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. ఎవరో ఆవిడ సుత్తమ్మ భుజం పట్టుకుని "మీరు లేచి రండమ్మా, ఆవిడకి బాలేదు" అంది. సుత్తమ్మ కదల్లేదు. "అననివ్వండి" అంది.

"నీకు పిల్లలున్నారా?"

"లేరమ్మా."

"అదృష్టవంతురాలివి పో!" అని ముసలమ్మ ఒక్కసారిగా బావురుమంది. మంచం మీంచి జారి, నేల మీదికి వచ్చి, మిషను కాలు పట్టుకుని, తల దానికేసి కొట్టుకుంటూ ఏడ్చింది. అల్లుడు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. ఆయనా ఏడ్చాడు. గుమ్మంలోని జనం ఒకరొకరే తప్పుకున్నారు.

చాలాసేపటికి ఆయన సుత్తమ్మను దుకాణం దాకా సాగనంపాడు.

"మూడు నెలలైందమ్మా, ఇప్పుడు ఏడ్చింది" అన్నాడు ముఖం తుడుచుకుంటూ. "ఇంక మీరు రావద్దు. మిమ్మల్ని చూస్తే నాకే... రావద్దు."

"సరే" అంది సుత్తమ్మ.

పిలుపులు లేని రోజులు ఎలా గడపాలో ఆవిడకు తెలియలేదు. కాలక్షేపానికి మొక్కల తోటలో నారు పోయడానికి వెళ్ళేది. మోకాలెత్తు దాటని మొక్కలు, ఎవరి మీద పడినా ఏమీ కానివి. అక్క పొద్దున్నే లేచి అలవాటుగా టైపుమిషను మీది దుమ్ము దులిపి, కాసేపు దాని ముందు కూర్చుని లేచేది.

చలికాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం గడియారాలాయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది. గొంతులో ఇష్టం లేదు. "మా అత్తగారు మిమ్మల్ని తీసుకురమ్మంటోంది. వారం రోజుల్నుంచి నస పెడుతోంది. మీ ఇష్టం."

సుత్తమ్మ వెళ్ళింది. ముసలమ్మ మళ్ళీ తిట్టింది. ఈసారి తక్కువసేపు. తర్వాత నెలలో మళ్ళీ కబురొచ్చింది, మళ్ళీ తిట్లు. "ఎందుకే వెళ్తావు? ఆవిడకి నువ్వు తిట్లకి తాకట్టా?" అని అక్క గొడవపెట్టుకుంది. సుత్తమ్మ చెప్పులేసుకుని బయల్దేరింది.

నాలుగోసారి వెళ్ళినప్పుడు ముసలమ్మ తిట్టలేదు. మంచం మీద కాస్త పక్కకు జరిగి చోటు చూపించింది. కూర్చోమని అనలేదు గాని సుత్తమ్మ కూర్చుంది. మిషను మీద దుప్పటి ఎవరో తీసేశారు. సూదిలో దారం ఎక్కించే ఉంది, తెల్లదారం.

"దానికి ఆరేళ్ళప్పుడు" అంది ముసలమ్మ గోడవైపు చూస్తూ, "నేను బయటికెళ్ళి వచ్చేసరికి ఇంట్లో చప్పుడు లేదు. ఏం చేస్తోందిరా ఇది అని చూస్తే, ఒక మూల కూర్చునుంది, కదలకుండా. లేవవే అంటే లేవదు. బొమ్మకి గౌను కుట్టబోయి, ఆ గౌనూ తన గౌనూ కలిపి కుట్టేసుకుంది. ఎట్లా లేవాలో తెలీక, పొద్దున్నుంచీ అట్లాగే కూర్చుంది, పిచ్చిముండ. బొమ్మనేమో ఒళ్ళో జాగ్రత్తగా పట్టుకునుంది."

ముసలమ్మకు నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు అలాగే పలచబడి, ఆగిపోయింది.

"కత్తెరతో ఆ కుట్లు విప్పానే. ఒక్కొక్కటీ విప్పాను. ఒళ్ళు కదిలితే గుచ్చుకుంటుందని ఊపిరి కూడా తియ్యకుండా కూర్చుంది, నా మీద అంత నమ్మకం."

ముందు దుకాణంలో అల్లుడు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ముసలమ్మ ముక్కు తుడుచుకుని, కాళ్ళు మంచం మీదికి తీసుకుని, గోడకు చేరగిలబడింది.

"తర్వాత బళ్ళో వేశాం" అంది. "బళ్ళో ఏం చేసిందనుకున్నావు..."

సుత్తమ్మ ఆవిడవైపు తిరిగి కూర్చుంది.